కాలవ గట్టు మీది ఉమ్మెత్త: గుర్తుపట్టడం నుంచి ప్రమాదం దాటడం వరకు

గోదావరి డెల్టాలో ఉమ్మెత్తను పనిగట్టుకుని పెంచేవాళ్లు అరుదు. పంటకాలవ గట్టు, మురుగుకాలవ ఒడ్డు, పెంటపోగు పక్క, పాడుబడ్డ ఇంటి దొడ్డి, వరద తీశాక లంకల్లో మిగిలిన మెరక... మనిషి తవ్వి వదిలేసిన నేల ఎక్కడుంటే అక్కడ అదే మొలుస్తుంది. వినాయక చవితికి ఇంట్లోకి వస్తుంది, శివరాత్రికి గుళ్లోకి వెళ్తుంది. పేనుకొరుకుడుకు, కీళ్లనొప్పులకు, ఉబ్బసానికి, చివరికి కుక్కకాటుకు కూడా దీని పేరు చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

వాళ్లు చెప్పేదంతా అబద్ధమని కొట్టిపారేయలేం. ఉమ్మెత్తలో మందు ఉంది. ఆ మందు ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలబెడుతోంది. చిక్కంతా కొలత దగ్గరే. మందు మోతాదుకీ విషం మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ, ఆ ఎడాన్ని పెరట్లో నిలబడి కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. అందుకే ఇందులో కషాయాలు, లేహ్యాల కొలతలు ఇవ్వడం లేదు. మొక్కను గుర్తుపట్టడం, చిట్కాల్లో దేనికి ఎంత విలువుందో తేల్చుకోవడం, జాగ్రత్తగా తీసేయడం, ఎవరైనా తింటే వెంటనే చేయాల్సినవి, ఈ వరసలో చెబుతాను.

1. మొక్కను గుర్తుపట్టండి, అంతకన్నా ముఖ్యంగా గింజను

తెల్ల ఉమ్మెత్త మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా గుబురుగా పెరుగుతుంది. ఆకు అరచేయంత ఉంటుంది, అంచు వంకరటింకర. కాడ దగ్గర ఆకు రెండు సగాలూ ఒకేచోట కలవవు, ఒకవైపు కాస్త కిందికి దిగుతుంది. నలిపితే వెగటు వాసన. పువ్వు పొడవాటి గరాటులా ఉండి సాయంత్రం విచ్చుకుంటుంది. కాయ గుండ్రంగా, పెద్ద నిమ్మకాయంత, ఒళ్లంతా పొట్టి ముళ్లతో తల వాల్చి వేలాడుతుంది. ఎండాక అడ్డదిడ్డంగా పగిలి గింజలు రాల్చుతుంది.

నల్ల ఉమ్మెత్తకు కాడా ఈనెలూ ఊదా రంగులో ఉంటాయి. పువ్వు కూడా ఊదాయే, ఒక్కోసారి రెండు మూడు పొరలుగా పూస్తుంది. నల్లదానికి గుణం ఎక్కువని మందు చెప్పేవాళ్లు అంటారు. విషం విషయంలో మాత్రం తెల్లదైనా నల్లదైనా ఒకటే జాగ్రత్త. కడియం వైపు నర్సరీలకు వెళ్లినప్పుడు పొరల పొరల ఊదా గరాటు పూలు చూసి ముచ్చటపడితే, కొనేముందు అది ఉమ్మెత్తేనా అని అడగండి. పాకే పిల్లలున్న ఇంటికి ఆ మొక్క వద్దు.

ముళ్లకాయ కదా అని ఆముదంతో పొరబడేవాళ్లున్నారు. ఆముదం ఆకు చేతివేళ్లలా చీలి ఉంటుంది, కాయలు గెలలుగా కాస్తాయి. ఆ గింజ కూడా విషమే, కాకపోతే అది వేరే రకం విషం.

పెద్దవాళ్లు మోసపోయేది గింజ దగ్గర. ఉమ్మెత్త గింజ మిరప గింజలా కనిపిస్తుంది, రెండూ ఒకే కుటుంబం. మిరప గింజ పాలిపోయిన పసుపు రంగులో, గుండ్రంగా, పల్చగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ గోధుమ రంగులో, కొంచెం పెద్దగా, చెవి ఆకారంలో, అంచు మందంగా ఉంటుంది. అనుమానం వస్తే రుచి చూసి తేల్చుకోవద్దు, పారేయండి. బ్రిటిష్ కాలంలో బాటసారుల తిండిలో ఈ గింజ కలిపి దోచుకునే ముఠాలు ఉండేవి. ప్రయాణంలో కొత్తవాళ్లు ఇచ్చింది తినొద్దని ఇంట్లో చెప్పే మాటను చాదస్తమని తీసిపారేయకండి.

రైతులకు ఇంకో సంగతి. వరి కోశాక మాగాణుల్లో మినుము, పెసర వేస్తాం. చేలో, గట్టు మీద ఉమ్మెత్త వదిలేస్తే నూర్పిళ్లలో గింజ కలిసే అవకాశం ఉంది. 2019లో ఉగాండాలో సహాయంగా పంచిన పోషకాహారపు పిండిలో ఉమ్మెత్త జాతి గింజ కలిసి ఐదుగురు చనిపోయారు, దాదాపు మూడు వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కోతకు ముందు చేను చుట్టూ ఒకసారి తిరిగి పీకేస్తే ఆ టెన్షన్ ఉండదు.

గట్ల మీద తోటకూర, గలిజేరు కోసుకునేవాళ్లు లేత మొక్కల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పూత రాని ఉమ్మెత్త మొలకను వంగ మొలకతో సులువుగా పొరబడతాం. ఒక్కో రకం ఆకును విడిగా చూసి, వాసన చూసి, తెలియనిది పక్కన పెట్టేయండి. అన్నట్టు, మేడ మీద తోట పెంచేవాళ్లలో అంట్లు కట్టే సరదా పెరిగింది. ఉమ్మెత్త మొదలు మీద టమాటా అంటు కట్టి, ఆ పండ్లు తిని విషం పాలైన ఉదంతం అమెరికాలో ఉంది. వేరులో తయారైన విషం కాయకు ఎక్కుతుంది.

2. ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోండి

ఉమ్మెత్తలో ముఖ్యంగా మూడు రసాయనాలు ఉన్నాయి: అట్రోపిన్, హయోసయమిన్, స్కోపాలమిన్. వేరు నుంచి పువ్వు దాకా అన్ని భాగాల్లోనూ ఉంటాయి, గింజల్లో, పువ్వుల్లో మరీ ఎక్కువ. ఎండబెట్టినా, ఉడికించినా పూర్తిగా పోవు.

మన నరాలు లాలాజల గ్రంథులకు, చెమట గ్రంథులకు, గుండెకు, పేగులకు, కంటిపాపకు కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. ఈ మూడూ ఆ కబురు చేరాల్సిన చోటును ముందే ఆక్రమించుకుంటాయి. దాంతో నోరు, చర్మం ఎండిపోతాయి. చెమట పట్టదు కాబట్టి ఒళ్లు కాలిపోతుంది. గుండె దడదడలాడుతుంది, కంటిపాప పెద్దదై దగ్గరి వస్తువులు మసకబారుతాయి, మూత్రం బిగుసుకుపోతుంది. మెదడుకు ఎక్కితే లేని మనుషులతో మాట్లాడడం, గాల్లో దేన్నో ఏరుతున్నట్టు వేళ్లు కదపడం, ఎక్కడున్నామో తెలియకపోవడం. ముదిరితే మూర్ఛలు, స్పృహ తప్పడం, ప్రాణాపాయం.

తిన్న అరగంట నుంచి గంటలోపు లక్షణాలు మొదలవుతాయి. పేగులు మందగించడం వల్ల విషం ఆగి ఆగి ఒంట్లోకి దిగుతుంది. అందుకే ఇది ఒక పూటలో తగ్గకపోవచ్చు, ఒకటి రెండు రోజులు సాగుతుంది.

"మా అమ్మమ్మ ఇచ్చేది, ఎవరికీ ఏం కాలేదు" అనే మాట వింటుంటాం. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఈ మొక్కలో రసాయనాల పాళ్లు మొక్క మొక్కకీ మారతాయి. లేత ఆకులో ఒకటి, ముదురు ఆకులో ఇంకొకటి, ఎండలో పెరిగినదానిలో వేరొకటి. అమ్మమ్మ వాడిన మొక్కా మీరు కోసుకొచ్చిన మొక్కా ఒకటి కాదు. ఏం కానివాళ్లే కదా తర్వాత ఆ కథ చెప్పేది!

3. పాత చిట్కాలను ఒక్కొక్కటిగా తూకం వేయండి

కుక్కకాటుతో మొదలుపెడతాను, ఎందుకంటే అన్నింటిలోకీ ఇదే ఘోరమైనది. పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్త ఆకు రసం బెల్లంతో ఇవ్వడం మన ప్రాంతంలో పాత అలవాటు. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు, ఉన్నా కాటు పడ్డ ప్రతివాళ్లకూ రాదు. రానివాళ్లను చూసి పసరు పనిచేసిందని నమ్మారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడేవాళ్లు దాదాపు లేరు. పసరు తాగి మతి చలిస్తే అది విషమా రేబిసా అన్న అయోమయం మరొకటి. చేయాల్సింది ఇదీ: పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగండి, పసుపూ కారం సున్నం పెట్టకండి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ఏరియా ఆసుపత్రికో వెళ్లండి. టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయంలోంచి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే ప్రతిరక్షకాల మందు) కూడా వేయాలి, అడిగి వేయించుకోండి.

ఉబ్బసానికి ఆకు పొగ పీల్చడం సంగతి వేరు. ఇది నిజంగా పనిచేసేది. 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే ఈ అలవాటు ఇంగ్లండుకు చేరింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఉబ్బసం సిగరెట్లే అమ్మేవారు. అట్రోపిన్ శ్వాసనాళాలను వదులు చేస్తుంది, ఉపశమనం అందుకే. ఇప్పుడు అట్రోపిన్ కోవలోనే తయారుచేసిన ఇప్రాట్రోపియం, టయోట్రోపియం ఇన్‌హేలర్లలో, నెబులైజర్లలో వాడుతున్నారు. అవి ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తాయి, మెదడుకు ఎక్కవు, మోతాదు మైక్రోగ్రాముల్లో తూచి ఉంటుంది. ఆ మందు చేతికందాక రోగపు ఊపిరితిత్తుల్లోకి పొగ నింపడం ఎందుకు?

పేనుకొరుకుడుకు ఆకు రసం రాయడం ఇప్పటికీ బాగా సాగుతోంది. పేనుకొరుకుడు పేనువల్ల రాదు. ఒంటి రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. చిన్న మచ్చలైతే చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు దానంతటదే వస్తుంది. ఆ మెప్పు ఉమ్మెత్త కొట్టేసింది. మంట పుట్టేదాకా మాడును రుద్ది, ఆ పుండు మీద రసం రాస్తే విషం లోపలికి దిగడానికి దారి వేసినట్టే. పిల్లలకు అసలు చేయకండి, చర్మ వైద్యుల దగ్గర దీనికి మంచి మందులున్నాయి.

కీళ్లనొప్పులకు ఆకు వెచ్చచేసి నూనె రాసి కట్టడం వీటన్నిటిలో తక్కువ ప్రమాదమే. తెగని, చిట్లని చర్మం మీద కాసేపు ఉంచి, తీశాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలామందికి ఏమీ కాదు. అయినా నా సలహా వావిలాకే. వెచ్చదనం వల్ల వచ్చే హాయి దానితోనూ వస్తుంది, చేతికంటిన రసం కంట్లో పడుతుందన్న భయం ఉండదు. బాలింతకు పాలు గడ్డకట్టినప్పుడు రొమ్ముకు ఉమ్మెత్త ఆకు కట్టడం మాత్రం పూర్తిగా మానాలి. చంటిబిడ్డ నోటికి వెళ్లేది అదే చర్మం.

చెవిపోటుకు రసం పిండొద్దు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో ఇంట్లో తెలియదు.

ఇక ఆయుర్వేదం. అందులో ఉమ్మెత్తను ఉపవిషాల్లో, అంటే తీవ్రత కాస్త తక్కువైన విషాల్లో చేర్చి, శుద్ధి చేయనిదే వాడకూడదన్నారు. ఉబ్బసానికి ఇచ్చే కనకాసవంలో ఉన్నది ఇదే. మన దేశంలో 1945 నాటి ఔషధ నియమాల్లోని ఇ-1 షెడ్యూలులో ఉమ్మెత్త విషపదార్థాల జాబితాలో ఉంది. ఆ జాబితాలోనివి కలిసిన, కడుపులోకి తీసుకునే ఆయుర్వేద మందు సీసా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి. పట్టా ఉన్న వైద్యులు రాస్తే, లైసెన్సు ఉన్న తయారీదారు మందైతే, వాళ్లు చెప్పిన మోతాదులో వాడండి. సంతలో కాగితప్పొట్లంలో ఇచ్చే పొడిని నమ్మకండి. ఎవరు ఇచ్చినా సరే, నీటికాసులు (గ్లకోమా), ప్రొస్టేట్ వాపు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, అలర్జీకో మానసిక సమస్యకో మాత్రలు వాడేవాళ్లు ముందుగా ఆ సంగతి చెప్పాలి.

4. అదే మందు ఆసుపత్రిలో ఎలా పనిచేస్తుందో చూడండి

పురుగుమందుల వాడకం ఎక్కువగా ఉన్న డెల్టాలో ఈ భాగం అందరికీ తెలిసి ఉండాలి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఒంట్లోకి వెళ్తే ఉమ్మెత్తకు సరిగ్గా తలకిందులు జరుగుతుంది. నోట్లోంచి చొంగ, కళ్లవెంట నీళ్లు, ధారగా చెమట, చుక్కంత కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో నీరు. అక్కడ విరుగుడుగా ఇచ్చేది అట్రోపిన్ ఇంజక్షనే. ఊపిరితిత్తులు పొడిబారి, గుండె వేగం నిలదొక్కుకునేదాకా కొద్ది నిమిషాలకోసారి చూసుకుంటూ మోతాదు పెంచుతారు. మోతాదు మించితే రోగి దుప్పటి లాగుతూ, గాల్లో ఏరుతూ పలవరిస్తాడు, అచ్చం ఉమ్మెత్త తిన్నట్టే. అప్పుడు మోతాదు తగ్గిస్తారు. అంత నిఘా మధ్య కూడా హెచ్చుతగ్గులయ్యే మందు ఇది.

కాబట్టి పురుగుమందు తాగినవాళ్లకు "ఉమ్మెత్త విరుగుడంట" అని ఎవరైనా రసం పోయబోతే ఆపండి. రెండో విషం తోడవుతుంది, విలువైన గంట పోతుంది.

5. పత్రి కోసేటప్పుడు, మొక్క పీకేటప్పుడు

చవితి పూజలో ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూర పత్రం ఒకటి. భక్తికి అడ్డం చెప్పను. కోసే పని మాత్రం పిల్లలకు అప్పగించకండి. పెద్దవాళ్లే రెండు మూడు ఆకులు కోసి విడిగా కట్టి తేవాలి, కాయలు ఇంట్లోకి తేకూడదు. చేతులు కడిగాకే ఉండ్రాళ్ల పిండి ముట్టుకోవాలి. పూజయ్యాక పత్రి పశువుల ముందు వేయొద్దు. అందులో కరవీరం, అంటే గన్నేరు కూడా ఉంటుంది, గుండె మీద పనిచేసే ఆ విషం ఆవులకు, మేకలకు మరీ ప్రమాదం. శివాలయాల దగ్గర నిర్మాల్యం పోసే చోట తిరిగే పశువుల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మొక్కను పీకడానికి మంచి అదను కాయ ముదరకముందు, తడి నేలలో. చేతులకు రబ్బరు తొడుగులు, అవి లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులు వేసుకోండి. పనిలో ఉండగా కన్ను నలుపుకోవద్దు. రసం చుక్క తగిలితే ఆ ఒక్క కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఒక కంటిపాపే పెద్దదైతే వైద్యులు మెదడులో రక్తస్రావమేమో అని అనుమానించి స్కానింగు రాస్తారు. "పొద్దున ఉమ్మెత్త పీకానండి" అని ముందే చెబితే మీకూ వాళ్లకూ హడావుడి తగ్గుతుంది.

పీకినదాన్ని తగలబెట్టొద్దు, పొగలోనూ విషం ఉంటుంది. కాలవలో విసిరితే గింజ పక్క ఊరి గట్టుకు చేరుతుంది, పచ్చిమేతలో కలిస్తే పశువు తింటుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ముదిరిన కాయలుంటే ముందు వాటిని సంచిలో కోసుకోండి. రాలిన గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, తొలకరి పడ్డాక మళ్లీ ఆ చోటు చూడాలి.

6. ఎవరైనా తింటే

అనుమానం చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకండి. నోట్లో మిగిలింది వేలితో తీసి, పుక్కిలింపించి, 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా సలహాకు ఎయిమ్స్ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. తిన్న మొక్క కొమ్మ, కాయ, కక్కిందేమైనా ఉంటే సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు తిన్నారో, మామూలుగా ఏ మందులు వాడుతున్నారో రాసి పెట్టుకోండి.

ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు. మతి సరిగ్గా లేని మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చింతపండు రసం, పెరుగు, నిమ్మరసం విరుగుడని పోస్తుంటారు, వాటితో విషం విరగదు. జలుబు మాత్ర, అలర్జీ మాత్ర, కడుపునొప్పి మాత్ర ఏదీ ఇవ్వకండి. వాటిలో చాలావరకు ఇదే దారిలో పనిచేసి విషాన్ని పెంచుతాయి.

ఒళ్లు కాలుతుంటే గాలి ఆడే చోట పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. కళ్లకు వెలుతురు గుచ్చుకుంటుంది, దీపం తగ్గించండి. చుట్టూ గుంపు, కేకలు వద్దు. తాళ్లతో కట్టేయకండి, పెనుగులాడితే జ్వరం ఇంకా పెరుగుతుంది. తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతుంటే చాలు. ఒంటరిగా మాత్రం ఒక్క నిమిషం కూడా వదలొద్దు. మన ఊళ్లలో గుమ్మం దాటితే కాలవ, దాని పక్కన చేపల చెరువు. దారి తెలియని మత్తులో లేచి వెళ్లిన మనిషిని విషం కన్నా ముందు నీళ్లు తీసుకుపోతాయి.

లేని మనుషులతో మాట్లాడుతుంటే గాలి సోకిందనో దెయ్యం పట్టిందనో వేపమండలు పట్టుకొచ్చే బంధువులు ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి, "ముందు ఆసుపత్రికి తీసుకెళ్దాం బాబాయ్, మిగతావి తర్వాత చూద్దాం" అని బయలుదేరండి. ఉన్నట్టుండి పలవరింత, పొడి నోరు, వేడి చర్మం, పెద్ద కంటిపాపలు కలిసి కనిపిస్తే ఉమ్మెత్త సంగతి వైద్యులకు చెప్పండి.

ఆసుపత్రిలో త్వరగా చేరితే బొగ్గుపొడి మందు ఇవ్వొచ్చు. గుండె లయ చూస్తారు, ఆందోళనకూ మూర్ఛకూ మత్తు ఇంజక్షన్లు ఇస్తారు, మూత్రం బిగిస్తే గొట్టం వేస్తారు. ఫైసోస్టిగ్మిన్ అనే విరుగుడు ఉంది కానీ అది అన్నిచోట్లా దొరకదు, అందరికీ పనికిరాదు. దగ్గరి ఆసుపత్రిలో ఐసీయూ లేకపోతే అక్కడ ప్రథమ చికిత్స చేయించి కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి పెద్దాసుపత్రికి పంపమని అడగండి.

చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. అప్పుడేం జరిగిందో వాళ్లకు గుర్తుండకపోవచ్చు. చూపు మసక మాత్రం వారం దాకా ఉండొచ్చు, అది తగ్గేదాకా బండి నడపనివ్వకండి, ఎండలోకి వెళ్తే నల్లద్దాలు పెట్టించండి. పొరపాటున కాక కావాలని తిన్నారని తెలిస్తే ఇంటికి తీసుకొచ్చేముందే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.